లేని కంప్యూటర్‌లో నడిచే విండోస్

ఉబుంటు లాంటి లినక్స్‌ను ఎక్కించేటప్పుడు మధ్యలో ఒక తెర వస్తుంది. డిస్కు మీద ఉన్నదంతా చెరిపేసి ఉబుంటును ఎక్కించమంటారా అని అడుగుతుంది. పెళ్ళి ఫొటోలు, జీఎస్టీ లెక్కలు, పిల్లల ప్రాజెక్టులు అన్నీ ఉన్న కంప్యూటర్ ముందు కూర్చుని ఆ మాట చదివితే ఎంతటివాళ్ళకైనా గుండె గుభేలుమంటుంది. అదే ప్రశ్న వర్చువల్ మెషీన్‌లో, అంటే మీ కంప్యూటర్‌లోనే సాఫ్ట్‌వేర్‌తో కట్టిన ఉత్తుత్తి కంప్యూటర్‌లో, ఎదురైతే మాత్రం నిశ్చింతగా ‘సరే’ అనవచ్చు. ఉబుంటు చెరపబోయేది మీ డిస్కును కాదు, మీ డిస్కులో ఓ మూలనున్న ఒక ఫైలును. ఆ ఫైలే అసలు హార్డ్‌డిస్కు అని దానికి నమ్మకం. అందుకే దాన్ని భాగాలు చేసుకుంటుంది, ఫార్మాట్ చేసుకుంటుంది, తన సామానంతా సర్దుకుని రీస్టార్ట్ కూడా అవుతుంది. ఇదంతా ఒక కిటికీలో జరుగుతుంటే బయట మీ విండోస్‌లో మోగుతున్న పాట ఎక్కడా ఆగదు.

ఈ విద్యతో మామూలు జనానికి ఇప్పుడు పని పడింది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. టీపీఎమ్ అనే భద్రతా చిప్ లేదనో, ప్రాసెసర్ పాతదనో విండోస్ 11 గడప తొక్కనివ్వని లాప్‌టాప్‌లు మన ఇళ్ళలో ఇంకా చాలా ఉన్నాయి. ‘లినక్స్ వేసుకో’ అని సలహా ఇచ్చేవాళ్ళకు కొదవ లేదు. వేసుకున్నాక తెలుగు టైపింగ్ ఎలా ఉంటుందో, పాత వర్డ్ ఫైళ్ళు సరిగ్గా తెరుచుకుంటాయో లేదో, రోజూ చేసే పనులు సాగుతాయో లేదో ముందే చూసుకోవడానికి వర్చువల్ మెషీన్‌ను మించిన దారి లేదు. మీ లాప్‌టాప్ వైఫై లినక్స్‌లో పనిచేస్తుందా అన్న ప్రశ్నకు మాత్రం ఇందులో జవాబు దొరకదు. ఎందుకో ఈ యంత్రం గుట్టు తెలిస్తే అర్థమవుతుంది.

ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌నైనా యంత్రం మొత్తానికి అదొక్కటే యజమాని అన్న లెక్కతోనే రాస్తారు. ఏ ప్రోగ్రాముకు ఎంతసేపు ప్రాసెసర్ ఇవ్వాలి, మెమరీలో ఏ భాగం ఎవరిది, డిస్కు మీద ఎక్కడ ఏం రాయాలి, అన్నీ అదే తేలుస్తుంది. ఈ పెత్తనానికి ప్రాసెసర్‌లోనే ఏర్పాటు ఉంది. ఇంటెల్ ప్రాసెసర్లలో అధికారానికి సున్నా నుంచి మూడు దాకా నాలుగు స్థాయిలు. సున్నాలో ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్ ఉంటుంది, మూడులో బ్రౌజర్, వర్డ్, టాలీ వగైరా. మధ్య రెండూ దాదాపు ఖాళీ. మూడో స్థాయి ప్రోగ్రాము తనకు చెల్లని ఆదేశం ఇవ్వబోతే ప్రాసెసర్ దాన్ని అక్కడే ఆపి కెర్నల్‌కు కబురు చేస్తుంది. ఈ కబురునే ట్రాప్ అంటారు.

మరి ఇదే యంత్రం మీదికి రెండో ఆపరేటింగ్ సిస్టమ్ వస్తే? దానికీ సున్నా స్థాయే కావాలి. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు కదా. దీనికి దొరికిన ఉపాయం ఇది: కొత్తగా వచ్చినదాన్ని తక్కువ స్థాయిలో కూర్చోబెట్టి, నువ్వున్నది సున్నాలోనే అని నమ్మించాలి. అది యజమాని హోదాలో ఆదేశం ఇచ్చిన ప్రతిసారీ ప్రాసెసర్‌లో ట్రాప్ పడుతుంది. హైపర్‌వైజర్ అనే సాఫ్ట్‌వేర్ ఆ ట్రాప్‌ను అందుకుని, అడిగిన పని జరిగినట్టు చూపించి, మళ్ళీ దాని పని దాన్ని చేసుకోనిస్తుంది. మిగతా మామూలు లెక్కలన్నీ, అంటే కూడికలు, పోలికలు, మెమరీ నుంచి చదవడాలు, నేరుగా అసలు ప్రాసెసర్ మీదే నడుస్తాయి. అందుకే వర్చువల్ మెషీన్ జనం అనుకున్నంత నెమ్మది కాదు.

ఈ ఆలోచన పీసీ కన్నా పాతది. 1964 చివర్లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం కేంబ్రిడ్జ్‌లో ఐబీఎం సైంటిఫిక్ సెంటర్‌వాళ్ళు దీన్ని మొదలుపెట్టారు. అప్పటి సమస్య వేరు. కంప్యూటర్ ఒక్కటే, వాడదలచినవాళ్ళు బోలెడు మంది. అందరూ ఒకే ఆపరేటింగ్ సిస్టమ్‌ను పంచుకునేలా ఒక మహా సిస్టమ్ రాయాలని ఐబీఎం తలపెట్టింది. దాని పేరు టీఎస్ఎస్/360. కేంబ్రిడ్జ్‌లో రాబర్ట్ క్రీసీ, లెస్ కోమో బృందం అడ్డంగా ఆలోచించింది. సిస్టమ్‌ను పంచడం ఎందుకు, ఒక్కొక్కరికీ ఒక్కో పూర్తి కంప్యూటర్‌ను, అంటే ఐబీఎం వారి సిస్టమ్/360 యంత్రాన్నే ఇచ్చేస్తే పోలేదా? నిజం యంత్రం కాదు, నిజమని నమ్మించే యంత్రం. అప్పుడు లోపల నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ ఒక్క మనిషికి సరిపడేంత చిన్నదైతే చాలు. అలా పుట్టిన సీపీ-40 1967 జనవరి నుంచి రోజువారీ వాడకంలోకి వచ్చింది. ఒకే కంప్యూటర్ మీద ఒకేసారి 14 కంప్యూటర్లను చూపించగలిగేది. పెద్ద ఆశలు పెట్టుకున్న టీఎస్ఎస్/360 చతికిలపడింది. పక్కదారిలో పుట్టిన సీపీ వంశం నిలబడింది. 1972 ఆగస్టు 2న ఐబీఎం దాన్నే వీఎం/370 పేరుతో ప్రకటించింది. ఐబీఎం మెయిన్‌ఫ్రేముల మీద ఇవాళ నడిచే జెడ్/వీఎం ఆ వంశానిదే.

దీని అసలు లాభం ముందుగా తెలిసింది ఆపరేటింగ్ సిస్టమ్‌లు రాసేవాళ్ళకే. రాసిన కెర్నల్‌ను పరీక్షించాలంటే అంతకుముందు యంత్రం మొత్తాన్ని, అదీ అర్ధరాత్రి పూట, తమకోసం ఖాళీ చేయించుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు పట్టపగలే పరీక్షించుకోవచ్చు. కూలితే తన డొల్ల యంత్రమే కూలుతుంది, పక్కవాడి జీతాల పట్టీకి ఏమీ కాదు.

1974లో జెరాల్డ్ పోపెక్, రాబర్ట్ గోల్డ్‌బర్గ్ ఈ వ్యవహారానికి ఒక సూత్రం రాశారు. ఏ ప్రాసెసర్ మీద ఇలాంటి నమ్మించే యంత్రం కట్టవచ్చో చెప్పే సూత్రం. గణితం పక్కన పెడితే సారాంశం చిన్నదే. యంత్రం పరిస్థితిని మార్చే ఆదేశాలు, ఆ పరిస్థితిని బయటపెట్టే ఆదేశాలు కొన్ని ఉంటాయి. తక్కువ స్థాయి నుంచి వాటిని ఇచ్చినప్పుడు ప్రతి ఒక్కటీ ట్రాప్ పడి తీరాలి. ఒక్కటి తప్పించుకున్నా నమ్మకం చెడుతుంది.

ఇంటెల్ వంశం ఈ పరీక్షలో తప్పింది. పాప్‌ఎఫ్ అనే ఆదేశాన్నే చూడండి. ప్రాసెసర్ జెండాలు కొన్నింటిని ఒకేసారి మార్చే ఆదేశం అది. వాటిలో ఒక జెండా, ఇంటరప్టులను, అంటే కీబోర్డు, డిస్కు లాంటివి ప్రాసెసర్‌ను పిలిచే పిలుపులను, వినాలా వద్దా అన్నది తేలుస్తుంది. ఆ జెండాను మార్చే హక్కు కెర్నల్‌దే. మూడో స్థాయి ప్రోగ్రాము పాప్‌ఎఫ్‌తో దాన్ని మార్చబోతే ఇంటెల్ ప్రాసెసర్ ట్రాప్ వేయదు. జెండాను మార్చకుండా వదిలేసి, ఏమీ జరగనట్టు తర్వాతి ఆదేశానికి వెళ్ళిపోతుంది. ఆఫీసులో ఇచ్చిన అర్జీ లాంటిదే ఇది. తిరస్కరిస్తే ఆ కాగితం పట్టుకుని పై అధికారి దగ్గరకు వెళ్ళవచ్చు. ఆమోదించకుండా, తిరస్కరించకుండా సొరుగులో పడేస్తే పై అధికారికి అర్జీ ఉన్నట్టే తెలియదు. ఇక్కడ పై అధికారి హైపర్‌వైజర్. లోపలి ఆపరేటింగ్ సిస్టమ్ తాను ఇంటరప్టులు ఆపేశాననే నమ్మకంతో ముందుకు పోతుంది. ఆగలేదన్న సంగతి దానికీ తెలియదు, హైపర్‌వైజర్‌కూ తెలియదు. పెంటియమ్‌ను జల్లెడపట్టి 2000లో వచ్చిన ఒక పరిశోధన పత్రం ఇలాంటి ఆదేశాలు 17 ఉన్నాయని తేల్చింది.

ఇంటెల్‌ను తప్పుపట్టడం తేలికే గానీ, 1978లో 8086ను గీసినవాళ్ళకు ఈ చిన్న చిప్ మీద రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు నడుస్తాయన్న ఊహ ఎందుకుంటుంది? 1985లో వచ్చిన 386లో పాత 8086ను నటించే ఏర్పాటు మాత్రం పెట్టారు. విండోస్‌లో ఒకేసారి నాలుగైదు డాస్ కిటికీలు తెరవగలిగింది దాని పుణ్యమే. కానీ 386 తన్ను తాను నటించలేకపోయింది.

ఆ గోడకు కన్నం వేసింది స్టాన్‌ఫర్డ్ బృందం. మెండెల్ రోసెన్‌బ్లమ్, ఎడ్వార్డ్ బునియన్, స్కాట్ డివైన్ 1997లో వేరే ప్రాసెసర్ మీద డిస్కో అనే పరిశోధన చేశారు. ఆ అనుభవంతో డయాన్ గ్రీన్, ఎలెన్ వాంగ్‌లతో కలిసి 1998లో వీఎంవేర్ కంపెనీ పెట్టారు. 1999లో మామూలు పీసీ మీద నడిచే వీఎంవేర్ వర్క్‌స్టేషన్ వచ్చింది. ఆ అల్లరి ఆదేశాలను ప్రాసెసర్ పట్టివ్వకపోతే మనమే ముందుగా చదివి పట్టుకుందాం అన్నది వాళ్ళ ఎత్తు. లోపలి కెర్నల్ కోడ్‌లో నడవబోతున్న ముక్కను నడవకముందే చదివి, పాప్‌ఎఫ్ లాంటివి కనిపించినచోట వేరే సురక్షితమైన ఆదేశాలు పెట్టి, ఆ తిరగరాసిన ముక్కనే నడిపిస్తారు. మూడో స్థాయి ప్రోగ్రాములను ముట్టుకోరు, అవి ఉన్నవి ఉన్నట్టే నడుస్తాయి. వినడానికి మొరటుగా ఉన్నా, కంప్యూటర్ చరిత్రలో నాకు ఎక్కువ ముచ్చటేసే ఇంజినీరింగ్ పనుల్లో ఇదొకటి. సూత్రం పెట్టిన పరీక్షలో తప్పిన యంత్రం మీద, ఆ సూత్రాన్ని కాదనకుండానే, పని జరిపించారు.

ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2003లో ఇంకో మాట అన్నారు. ఇంత కష్టపడి నమ్మించడం దేనికి? నువ్వున్నది వర్చువల్ మెషీన్‌లోనే అని లోపలి కెర్నల్‌కు చెప్పేద్దాం, కావలసినవి నేరుగా హైపర్‌వైజర్‌నే అడిగేలా దాన్ని మార్చి రాద్దాం అన్నారు. అదే జెన్. లినక్స్ మూలం అందరికీ అందుబాటులో ఉంది కాబట్టి మార్చుకోగలిగారు. విండోస్‌ను అలా మార్చడం బయటివాళ్ళ చేతిలో లేదు. అయినా అమెజాన్ 2006లో మొదలుపెట్టిన ఈసీ2 క్లౌడ్ సేవను జెన్ మీదే నిలబెట్టింది.

చివరికి 2005 నవంబర్‌లో ఇంటెల్, 2006లో ఏఎండీ ప్రాసెసర్‌నే సరిచేశాయి. ఇంటెల్ తన ఏర్పాటును వీటీ-ఎక్స్ అంటే, ఏఎండీ తనదాన్ని ఏఎండీ-వీ అంది. నాలుగు స్థాయిలనూ అలాగే ఉంచి, ఆ మొత్తానికి పైన హైపర్‌వైజర్‌కు వేరే పీఠం వేశారు. లోపలి కెర్నల్ ఇప్పుడు నిజంగానే తన సున్నా స్థాయిలో ఉంటుంది, దాని సున్నాకు పైన ఇంకొకటి ఉందంతే. సొరుగులో పడ్డ అర్జీల బెడద తీరింది. విచిత్రం ఏమిటంటే మొదటి తరం చిప్‌లలో హైపర్‌వైజర్‌కు కబురు వెళ్ళి రావడం చాలా ఖరీదైన పని. చాలా పనుల్లో తమ పాత తిరగరాత పద్ధతే ఈ హార్డ్‌వేర్‌ను మించుతోందని వీఎంవేర్ ఇంజినీర్లు 2006లో కొలిచి మరీ చూపించారు.

మెమరీ గొడవ తేలాకే హార్డ్‌వేర్ గెలిచింది. ప్రతి ప్రోగ్రాము వాడే మెమరీ చిరునామా ఉత్తుత్తిదే. దాన్ని అసలు చిరునామాగా మార్చే పట్టికలను కెర్నల్ నిర్వహిస్తుంది. వర్చువల్ మెషీన్‌లోనైతే ఆ ‘అసలు’ చిరునామా కూడా ఉత్తుత్తిదే, దాన్ని ఇంకోసారి మార్చాలి. అంతకుముందు హైపర్‌వైజర్ ఈ రెండు మార్పులనూ కలిపి ఒక రహస్య పట్టికను దాచి ఉంచేది. లోపలి కెర్నల్ తన పట్టికలో వేలు పెట్టినప్పుడల్లా దాన్ని సరిదిద్దుకోవాల్సి వచ్చేది. 2007లో ఏఎండీ, 2008లో ఇంటెల్ రెండు పట్టికలనూ ప్రాసెసరే చదువుకునేలా చేశాయి. మామూలుగా నాలుగు మెట్ల పట్టిక చదవడానికి నాలుగుసార్లు మెమరీ తలుపు తట్టాలి. రెండు పట్టికలు ఒకదానిలో ఒకటి అల్లుకుంటే అది గరిష్ఠంగా 24 సార్లు అవుతుంది. ఇటీవలి చిరునామాలను ప్రాసెసర్ గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి ఆ భారం ఎప్పుడో గానీ మనకు తెలియదు.

ఇదంతా జరిగాక వర్చువల్ మెషీన్ ఎంత మామూలైపోయిందంటే, లినక్స్ తన కెర్నల్‌లోనే కేవీఎం పేరుతో ఒక హైపర్‌వైజర్‌ను 2007లో కలుపుకుంది. విండోస్‌లో డబ్ల్యూఎస్ఎల్2 పేరుతో లినక్స్ టెర్మినల్ వాడే కుర్రాళ్ళు నిజానికి వర్చువల్ మెషీన్‌లోనే పనిచేస్తున్నారు. 2022 నవంబర్‌లో అమెజాన్ హైదరాబాద్‌లో తెరిచిన క్లౌడ్ కేంద్రాల్లో గంటల లెక్కన అద్దెకిచ్చే ‘కంప్యూటర్ల’లో అత్యధికం ఈ బాపతే.

ఇక ఎక్కించే పనికి వద్దాం. ఇంటి వాడకానికి వర్చువల్‌బాక్స్ ఉచితం. వీఎంవేర్ వర్క్‌స్టేషన్ కూడా 2024 నుంచి ఉచితంగానే దొరుకుతోంది. ఏది వాడినా ముందు కంప్యూటర్ లేచేటప్పుడు తెరుచుకునే బయోస్ సెట్టింగుల్లోకి వెళ్ళి వీటీ-ఎక్స్ లేదా ఏఎండీ-వీ మీట వేసి ఉందో లేదో చూడాలి. చాలా లాప్‌టాప్‌లలో అది ఆపేసి ఉంటుంది. వేసి ఉన్నా వేగం రావడం లేదంటే విండోస్‌లో ముందే ఒక హైపర్‌వైజర్ కూర్చుని ఉందన్నమాట. అప్పుడు వర్చువల్‌బాక్స్ కిటికీ అడుగున ఒక ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్‌వాళ్ళు ఇంత నిజాయితీగా ఉండటం అరుదు.

కొత్త మెషీన్ చేసేటప్పుడు అడిగే ప్రశ్నలు నాలుగే. ఎంత ర్యామ్, ఎన్ని ప్రాసెసర్ కోర్లు, ఎంత డిస్కు, ఏ ఐఎస్ఓ ఫైలు (ఎక్కించబోయే సిస్టమ్ ఉన్న ఫైలు). ర్యామ్ విషయంలో మొహమాటపడకూడదు, అత్యాశా పనికిరాదు. ఇక్కడ ఇచ్చేది నిజం ర్యామే, బయటి విండోస్ నుంచి కోసి ఇవ్వాల్సిందే. 8 జీబీ ఉన్నవాళ్ళు ఉబుంటుకు 4 ఇవ్వవచ్చు. మొత్తం 4 జీబీయే ఉన్నవాళ్ళు ఈ పని పెట్టుకోకపోవడం మేలు, రెండు సిస్టమ్‌లూ ఏడుస్తాయి. డిస్కు సంగతి వేరు. 25 జీబీ అని చెప్పినా ఫైలు మొదట్లో చిన్నదిగా పుట్టి, లోపల రాసేకొద్దీ పెరుగుతుంది. అయితే లోపల ఫైళ్ళు చెరిపినంత మాత్రాన అది తిరిగి చిక్కదు. వర్చువల్‌బాక్స్ 7వ వర్షన్ నుంచి అంతా తానే చేసేస్తానని ముందుకొస్తుంది. ఒప్పుకుంటే ‘వీబాక్స్‌యూజర్’ అనే పేరు, ‘ఛేంజ్‌మీ’ అనే పాస్‌వర్డ్ పెట్టేస్తుంది. నేర్చుకోవాలనుకునేవాళ్ళు ఆ సాయాన్ని కాదని, ప్రశ్నలన్నిటికీ తామే జవాబు చెప్పుకుంటూ ఎక్కించడం మంచిది. తప్పు చేసినా పోయేది ఒక ఫైలే.

ఎక్కాక మొదటి ఆటంకం మౌస్. కిటికీలోకి వెళ్ళి ఇరుక్కుపోతుంది. కుడివైపు కంట్రోల్ మీట నొక్కితే బయటకు వస్తుంది. తెర చిన్నదిగా ఉండటం, ఇక్కడ కాపీ చేసింది అక్కడ పేస్టు కాకపోవడం లాంటి చికాకులకు మందు గెస్ట్ అడిషన్స్ అనే సాఫ్ట్‌వేర్. దాన్ని లోపలి సిస్టమ్‌లో ఎక్కించాలి. ఇది చేసేది జెన్ చెప్పిన పనే: నువ్వున్నది వర్చువల్‌బాక్స్‌లో అని లోపలి సిస్టమ్‌కు తెలియజెప్పడం. నిజానికి ఇప్పటి హైపర్‌వైజర్లు దాపరికం మానేశాయి. లోపలి సిస్టమ్ ప్రాసెసర్‌ను ‘ఎవరు నువ్వు’ అని అడిగితే ‘వీఎంవేర్‌వీఎంవేర్’ అనో, ‘కేవీఎంకేవీఎంకేవీఎం’ అనో పేరు చెప్పేస్తాయి. వాటిని రాసేవాళ్ళు నమ్మించడంలో ఇంత పండితులై, చివరికి నిజం చెబితేనే వేగం ఎక్కువని తెలుసుకున్నారు.

అంతా కుదిరాక ఒక స్నాప్‌షాట్ తీసుకోవాలి. ఆ క్షణానికి డిస్కు ఎలా ఉందో అలా గుర్తుంచుకోమని చెప్పడం అది. తర్వాత ఎంత పాడుచేసినా ఆ క్షణానికి తిరిగి రావచ్చు. చాలామంది దీన్నే బ్యాకప్ అనుకుంటారు. కాదు. అసలు ఫైలు పోతే స్నాప్‌షాట్ కూడా దాంతోపాటే పోతుంది.

వైఫై ప్రశ్నకు ఇప్పుడు జవాబు. లోపలి ఉబుంటుకు మీ లాప్‌టాప్‌లోని వైఫై చిప్ కనిపించనే కనిపించదు. దానికి కనిపించేది ఇంటెల్ తయారీ పాత నెట్‌వర్క్ కార్డు ఒకటి, అదీ కోడ్‌తో చేసిన బొమ్మ. మదర్‌బోర్డూ అంతే. క్యూఎము అనే సాఫ్ట్‌వేర్ మామూలుగా చూపించేది ఇంటెల్ 1996 నాటి 440ఎఫ్ఎక్స్ చిప్‌సెట్‌ను. వీఎంవేర్ చూపించేది 1998 నాటి 440బీఎక్స్‌ను. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాను అమ్మే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో వెతికినా దొరకని బోర్డులు క్లౌడ్ సర్వర్లలో కోడ్ రూపంలో లెక్కలేనన్ని బతికి ఉన్నాయి. కారణం సులువే. అన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌ల దగ్గరా వాటి డ్రైవర్లు ఉన్నాయి, వాటి నడత ఇంజినీర్లకు కంఠతా వచ్చు.

మన దగ్గర ఈ పాత బోర్డుల విలువ డీటీపీవాళ్ళకు తెలియాలి. తెలుగు పుస్తకాలు, పత్రికలు, పెళ్ళి పత్రికలు, కరపత్రాలు ఏళ్ళ తరబడి పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో తయారయ్యాయి. పేజ్‌మేకర్ చివరి వర్షన్ 7, 2001లో వచ్చింది. అదే ఏడాది వచ్చిన విండోస్ ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్ 8తో ఆగింది. అను ఫాంట్లు యూనికోడ్ కాదు. ఫాంటూ సాఫ్ట్‌వేరూ లేకుండా ఆ ఫైలు తెరిస్తే తెలుగు బదులు గజిబిజి రోమన్ అక్షరాలు వస్తాయి. పేజ్‌మేకర్‌ను విండోస్ 10 మీద ఎలాగో నడుపుతున్నవాళ్ళున్నారు. అంతకన్నా పాత 16-బిట్ ప్రోగ్రాములకు 64-బిట్ విండోస్‌లో అసలు చోటే లేదు. కొత్త లాప్‌టాప్ మీద నేరుగా ఎక్స్‌పీ వేద్దామంటే ఇప్పటి డిస్కులను అది గుర్తుపట్టదు, బూట్ కూడా కాదు. వర్చువల్ మెషీన్‌లో మాత్రం ఎక్స్‌పీ తన కాలపు బోర్డు, తన కాలపు ఐడీఈ డిస్కు చూసి హాయిగా ఎక్కుతుంది. డిస్కు కంట్రోలర్‌ను సాటాగా కాక ఐడీఈగా ఎంచుకోవడమే కిటుకు, ఎందుకంటే ఎక్స్‌పీ సీడీలో సాటా డ్రైవర్లు లేవు. ర్యామ్ ఒక జీబీ ఇస్తే దానికి పండగే. లైసెన్సు కీ సొంతదే అయి ఉండాలని వేరే చెప్పక్కర్లేదు.

అలా ఎక్కించిన ఎక్స్‌పీకి ఇంటర్నెట్ ఇవ్వకండి. నెట్‌వర్క్ సెట్టింగ్‌లో కేబుల్ ఊడదీసినట్టు పెట్టే వీలుంది, అలాగే ఉంచండి. మద్దతు ఆగాక దొరికిన కన్నాలకు అతుకులు వేసేవాళ్ళు లేరు. పేజీలను లోపలే పీడీఎఫ్ చేసుకుని, షేర్డ్ ఫోల్డర్ దారిన బయటకు తెచ్చి, ప్రెస్సుకు పంపడం బయటి విండోస్ నుంచే చేయాలి. ఆ షేర్డ్ ఫోల్డర్ కూడా లోపలికీ బయటికీ మధ్య తెరిచి ఉన్న తలుపే, అందులో అవసరమైనవి మాత్రమే పెట్టాలి.

వర్చువల్ మెషీన్ గోడ గట్టిదే గానీ అభేద్యం కాదు. 2015 మేలో వెనమ్ అనే లోపం బయటపడింది. క్యూఎములో ఫ్లాపీ డ్రైవ్‌ను నటించే కోడ్‌లో ఒక పొరపాటు 2004 నుంచి ఎవరి కంటా పడకుండా ఉండిపోయింది. దాని ద్వారా లోపలి సిస్టమ్ నుంచి బయటి యంత్రంలోకి చొరబడే అవకాశం ఉండేది. ఫ్లాపీలు వాడేవాడే లేని రోజుల్లో, ఎవరూ అడగని ఫ్లాపీ డ్రైవ్ వల్ల క్లౌడ్ కంపెనీలు ఉరుకులు పరుగులు పెట్టాయి. 2018 జనవరిలో వెల్లడైన మెల్ట్‌డౌన్, స్పెక్టర్ లోపాలు మరీ లోతైనవి, అవి ప్రాసెసర్ స్వభావంలోనే ఉన్నాయి. కాబట్టి అనుమానం ఉన్న ఫైలును వర్చువల్ మెషీన్‌లో తెరిచి చూడటం తెలివైన పనే. ఏమైనా తెరవవచ్చు, ఏమీ కాదు అనుకోవడం మాత్రం తెలివైన పని కాదు.

ఇంకో హద్దు కూడా ఉంది. లోపలి సిస్టమ్, బయటి ప్రాసెసర్ ఒకే జాతివి కావాలి. 2020 నుంచి ఆపిల్ మాక్‌లలో వస్తున్న ఎం1, దాని తర్వాతి చిప్‌లు ఆర్మ్ జాతివి. వాటి మీద ఇంటెల్ కోసం రాసిన ఎక్స్‌పీని నడపాలంటే ప్రతి ఆదేశాన్నీ అనువదించాల్సిందే, వేగం దారుణంగా పడిపోతుంది. ఆటలు, వీడియో ఎడిటింగ్ లాంటి గ్రాఫిక్స్ పనులకు ఇంటెల్ మీద కూడా వర్చువల్ మెషీన్ అంతంత మాత్రమే.

పాత పుస్తకాల ఫైళ్ళున్న ప్రచురణకర్తలకు, డీటీపీ చేసేవారికి ఒక మాట. మూల కూర్చున్న ఎక్స్‌పీ కంప్యూటర్ ఇంకా లేస్తుండగానే దాని హార్డ్‌డిస్కు మొత్తానికి ఇమేజ్ తీయించండి, ఫైళ్ళను విడిగానూ దాచండి. ఆ ఇమేజ్‌ను వర్చువల్‌బాక్స్ తెరవగల రూపంలోకి మార్చవచ్చు. కొత్త బోర్డు చూసి మొదటిసారి 7బీ అంకెతో నీలి తెర పడితే భయపడకండి, చాలాసార్లు అది ఐడీఈ డ్రైవర్ తకరారే, డేటా పోయినట్టు కాదు. ఎక్స్‌పీ మళ్ళీ యాక్టివేషన్ అడిగే అవకాశమూ ఉంది, కీ వెతికి పెట్టుకోండి. అది తెరుచుకున్న రోజే మొదలుపెట్టి ఒక్కో పుస్తకాన్నీ పీడీఎఫ్‌గానూ, అక్షరాలను యూనికోడ్‌లోకి మార్చిన పాఠంగానూ బయటకు తీయండి. యూనికోడ్ మార్పిడిలో ఒత్తులు, వట్రుసుడులు అక్కడక్కడా తప్పుతాయి, ప్రూఫ్ చూసేవాళ్ళను ముందే మాట్లాడి పెట్టుకోండి.